ఎల్ అంటే లూజు

ఒక మనిషి ఒక నట్టును విప్పబోయి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా దాన్ని బిగిస్తూ కూర్చోగలడా? కూర్చోగలడు. ఆ మనిషిని నేనే. సాక్ష్యానికి ఒక పహిల్వాన్, వంగిపోయిన ఒక ఇనుప పైపు, గద్వాలలో మా వీధి జనమంతా ఉన్నారు. నవ్వదలచుకున్నవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, నేనేమీ అనుకోను. చివరికి గెలిచింది కూడా నేనే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

తొంభైలనాటి మాట. నాకు కొత్తగా పెళ్ళయింది. అంతకన్నా కొత్తగా ఒక జీపు కొన్నాను. కొనడం కొత్త గాని జీపు కొత్తది కాదు; ఎవరో వాడి వాడి విసిగి వేలంలో అమ్మేస్తే తెచ్చుకున్నాను. దానికి హారన్ బ్రహ్మాండంగా ఉండేది. ఉండక తప్పదు, బ్రేకులు లేవు కదా. వడ్డేపల్లిలో తొక్కితే మానవపాడులో ఆగేది.

మా అత్త నర్సమ్మ మా నాన్నకు సొంత చెల్లెలు. ఆమె కూతురు సుజాతే నా భార్య. అత్త ముప్పై ఏళ్ళుగా చీరలు నేస్తోంది. మాదీ మగ్గాల ఇల్లే, కాని నేను డిగ్రీ చదివినవాడిని. దారం వంక చూడడం కూడా మానేసి అప్పటికి చాలా కాలమైంది.

వనపర్తిలో ఒక పెళ్ళికూతురికి అత్త చీర నేసింది. పెళ్ళికి ముందురోజు దీపాలు పెట్టే వేళకు చీర పిల్ల చేతిలో ఉంటుందని మాట ఇచ్చింది. ఆ ముందురోజు రానే వచ్చింది. చీరను తెల్లగుడ్డలో చుట్టుకుని అత్త బస్సుకు బయలుదేరుతుంటే నేను అడ్డం పడ్డాను.

"బస్సుల ఏం పోతవత్తా, చీర నలుగుతది. నా జీపుల పోదాం."

"నీ జీపు ఆగుతదా అల్లుడా?"

"బ్రేకులకు కొత్త షూలు తెచ్చిన. రెండు గంటల్ల ఏస్త."

"మెకానిక్కును పిలువరాదు?"

"నేనుండంగ మెకానిక్కెందుకత్తా!"

ఈ చివరి మాటను కాస్త గుర్తుపెట్టుకోండి. ఆ రోజంతా నన్ను తరిమి తరిమి కొట్టింది అదే.

మొదలు బాగానే జరిగింది. కుడిపక్క ముందు చక్రం నట్లు అయిదూ బుద్ధిగా ఊడి వచ్చాయి. డ్రమ్ము తీసి, అరిగిపోయిన షూలు పీకి, కొత్తవి వేసి, చక్రం మళ్ళీ బిగించాను. అంతలో పదింటి బస్సు వీధి చివర నుంచి పోయింది. నేను దానికి దర్జాగా చెయ్యి ఊపాను కూడా.

తరువాత ఎడమపక్కకు వచ్చాను. నట్టు కదలలేదు. స్పానర్ మీద వేలాడాను. అయినా కదలలేదు.

"తుప్పు పట్టి పట్టేసింది" అని ప్రకటించి, గుడ్డతో మట్టి తుడిచాను. బోల్టు కొస మీద ఏదో గుర్తు కనిపించింది. సుజాత వంగి చూసింది.

"బావా, ఈడ ఇంగ్లీషు అక్షరం ఉన్నది. ఎల్."

డిగ్రీ చదివినవాడిని, తడుముకుంటానా? "ఎల్ అంటే లూజు. ఈ నట్టు అల్కగ వస్తదని అర్థం."

"మల్ల వస్తలేదేంది? ఎల్ అంటే గది గాదేమో బావా, జర..."

"నువ్వు పోయి చాయ్ పెట్టు."

కిరోసిన్ పోశాను. కొబ్బరినూనె పోశాను. సుత్తితో కొట్టాను. స్పానర్‌కు బారెడు ఇనుప పైపు తొడిగి, దాని మీదికెక్కి గెంతాను. నట్టు మాత్రం ఇంకా ఇంకా గట్టిపడుతున్నట్టు అనిపించింది. అనిపించడమేమిటి, అక్షరాలా జరుగుతున్నదే అది! కాని నాకేం తెలుసు? పోయి పక్కింటి హన్మంతు పహిల్వాన్‌ను పిలుచుకొచ్చాను. కుస్తీలో అతని పట్టు విడిపించుకున్నవాడు మా తాలూకాలో లేడు.

"ఎటు దిక్కు గుంజాలె తమ్మీ?"

"ఇటు దిక్కే అన్నా!" అని ఘనంగా చూపించాను.

హన్మంతు జై కొట్టి గుంజాడు. పైపు వంగింది.

"తమ్మీ, ఇది నట్టు గాదు. జీపుతోనే కలిపి పోత పోసిండ్రు."

ఒంటిగంట బస్సు కూడా పోయింది. ఆ తరువాతి బస్సు ఎక్కితే దీపాల వేళకు వనపర్తి చేరలేం. ఇద్దరం కలిసి రెండో నట్టు మీద పడ్డాం. ఠప్పుమంది. "వచ్చింది!" అని కేక పెట్టాను. వచ్చిన మాట నిజమే. నట్టుతో పాటు బోల్టు కూడా తెగి వచ్చింది.

వెనక్కి తిరిగితే అత్త నిలబడి ఉంది. చీర మూట పొద్దుటి నుంచి చేతుల్లోనే ఉన్నట్టుంది.

"ముప్పై ఏండ్ల సంది మాట తప్పలే అల్లుడా" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆమె మూటను సుజాత చేతికిచ్చి, తెగిన బోల్టు ముక్కను కొంగుతో తుడిచింది. దారం చూసినట్టే కంటి దగ్గర పెట్టుకుని చూసింది. లేచి వెళ్ళి కుడి చక్రం బోల్టులను చూసి వచ్చింది.

"వీటి పురి వేరు" అంది.

"పురేందత్తా, ఇదేమన్న దారమా?"

"దారమైతేంది, ఇనుమైతేంది? అటు దిక్కువి కుడి పురి, ఇటు దిక్కువి ఎడమ పురి. ఎడమ పురి దారాన్ని ఉల్టా తిప్పితే గద పురి ఇడిశేది? నువ్వు పొద్దుగాల నుంచి ఇప్పుతలేవు నాయినా, బిగిస్తున్నవు."

అప్పటికే చుట్టూ మూగిన వీధి జనమంతా మా ఇద్దరి వంక చూశారు. హన్మంతు మెల్లగా అడిగాడు.

"అంటే... నేను గూడ బిగించిన్నా?"

"నువ్వే జాస్తి బిగించినవ్."

వంగిన పైపును రెండో వైపుకు తిప్పి తొడిగాను. ఆ రోజు నాలో ఉన్న ఉక్రోషమంతా కాళ్ళలోకి తెచ్చుకుని ఒక్క గెంతు గెంతాను. కిర్రుమంది. నట్టూ నేనూ ఒకేసారి ఊడిపోయాం. మట్టిలో వెల్లకిలా పడి ఆకాశం చూస్తూ నవ్వాను. అంత సంతోషం నాకు డిగ్రీ పాసైననాడు కూడా కలగలేదు. మిగతా మూడూ తన పరువు కోసం హన్మంతే విప్పాడు.

అటుపక్కా కొత్త షూలు వేసి, నాలుగు నట్ల చక్రంతో మూడున్నరకు కదిలాం. అత్త ముందు సీట్లో చీర పట్టుకుని కూర్చుంది. బీచుపల్లి వంతెన దాటి, పెబ్బేరు దాటి వనపర్తిలోకి వచ్చేసరికి ఇళ్ళలో అప్పుడప్పుడే దీపాలు పెడుతున్నారు. పెళ్ళివారి పందిరి గుంజకు జానెడు దూరంలో బ్రేకు తొక్కాను. ఆగింది! తొక్కినచోటే ఆగింది! నాకు విజయయాత్ర చేసి వచ్చినట్టే ఉంది.

పెళ్ళికూతురు చీరను గుండెకు హత్తుకుంది. వాళ్ళ నాన్న జీపు వంక చూసి, "మంచిగ ఆగింది. మెకానిక్కెవరు?" అన్నాడు.

"మా అల్లుడే. పురి సూసి మరీ ఇప్పిండు" అంది అత్త, ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా.

నేను వినయంగా తల వంచుకున్నాను. సిగ్గులేకుండా అని మీరు దిద్దుకున్నా ఫరవాలేదు.

తిరిగి వస్తుంటే వెనక సీట్లోంచి సుజాత మెల్లగా అంది.

"బావా, ఎల్ అంటే లెఫ్టు గద?"

జీపు దానంతట అదే ఆగిపోయిందేమో అనుకున్నాను. నా కాలే బ్రేకు మీద పడింది.

"నీకు తెలుసా? మరి పొద్దుగాలనే చెప్పొద్దా?"

"చెప్పబోతుంటే చాయ్ పెట్టుమంటివి గద."

కాబట్టి, ఆ వంగిన పైపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో పచ్చడి జాడీ మూత తీయాల్సి వచ్చినా సరే, ముందు అత్తను పురి అడుగుతాను, తరువాత సుజాత చెప్పేది చివరిదాకా వింటాను, ఆ పైనే చెయ్యి వేస్తాను. చాయ్ మాత్రం నేనే పెడతాను.