నున్నటి బండల మీద దీపాల ఇల్లు

సోల్డరింగు చేసేటప్పుడు లేచే పొగకు ఒక వాసన ఉంటుంది. కొంచెం గుగ్గిలంలా, కొంచెం ప్లాస్టిక్ మాడినట్టు ఉంటుంది, ఒకసారి ముక్కులో దూరితే ఓ పట్టాన వదలదు. మొన్న ఆదివారం సాయంత్రం వికారాబాదులో మా ఇంట్లో ఆ వాసన వంటింటిదాకా వచ్చింది. మా ఆయన, మా ఏడేళ్ల బిడ్డ కలిసి రెండు వారాలుగా ప్లాస్టిక్ ఇటుకలతో కడుతున్న రెండంతస్తుల ఇంటికి లైట్లు పెడుతున్నారు. ఆవగింజంత లైట్లు, తలవెంట్రుకంత తీగలు. ఇటుక మీది బొడిపెల సందుల్లోంచి తీగను తీసుకుపోయి, పైన ఇంకో ఇటుక నొక్కేస్తే ఇక అక్కడ తీగ ఉందని బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు. అంతా అయ్యాక నన్ను పిలిచి, గదిలో లైటు ఆర్పేసి, మీట నొక్కారు. కిటికీలన్నీ ఒక్కసారిగా పచ్చగా వెలిగాయి. తండ్రీకూతుళ్లు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం గరిటె చేతిలో పట్టుకుని, అవి నిజంగా వెలిగాయా లేదా అని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. పదేళ్ల వయసులో ఇలాంటి ఇల్లొకటి నన్నెంత భయపెట్టిందో వాళ్లకు నేనెప్పుడూ చెప్పలేదు.

మాది తాండూరు. అంటే పుట్టుపూర్వోత్తరాలు పెద్దేముల్ అవతల ఒక పల్లెలో ఉన్నాయి కానీ, నేను పుట్టకముందే నాయిన కూలిపనులు వదిలిపెట్టి తాండూరులో బండలు పాలిష్ చేసే యూనిట్‌లో చేరాడు. నా చిన్నతనమంతా ఆ మిషన్ల రొదలోనే గడిచింది. పొద్దున లేస్తే గుర్రుమంటూ రాతి మీద రాయి తిరుగుతున్న చప్పుడు, మోరీల్లో పాలలాగా తెల్లగా పారే బండల నీళ్లు, ఎండాకాలం వస్తే ఆ నీళ్లు ఎండిపోయి చెట్ల ఆకుల మీద, దండెం మీది బట్టల మీద, మా తలల మీద కూడా సున్నం చల్లినట్టు పడే దుమ్ము. చలికాలం వచ్చిందంటే మాత్రం ఊరి వాసనే మారిపోయేది. కొత్త కందుల బస్తాలతో లారీలు వరస కట్టేవి, పప్పు మిల్లుల్లోంచి కమ్మటి వాసన వీధుల్లోకి వచ్చేది, అవతలి రాష్ట్రం నుంచి వచ్చిన రైతులు చాయ్ హోటళ్ల ముందు కన్నడంలో బేరాలాడుకునేవాళ్లు. అమ్మ పప్పు మిల్లులో పనిచేసేది. సాయంత్రం ఆమె ఇంటికి వస్తే చీర కొంగుకు పప్పు పొట్టు అంటుకుని ఉండేది, ఆ కొంగు దులపడం నా పని.

ఇల్లు నడిపేది నాయినమ్మ. రెండు గదులు, ఒక అరుగు, కింద గరుకు బండలు. గని నుంచి తీసినవి తీసినట్టే, పాలిష్ మిషన్ మొఖం ఎరగని బండలు. ఒకదాని మీద గుంత, ఒకదాని అంచు విరిగింది, ఇంకోదాని మీద ఎవరో ఉలితో గీసినట్టు అడ్డంగా గీత. ఆ బండల మీద మేము అష్టాచెమ్మ గీసుకునేవాళ్లం, నున్నటి రాతిపెంకులు ఏరుకొచ్చి తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. నాయినమ్మ చెప్పులు వేసుకునేది కాదు. చేతులతో చప్పట్లు చరుస్తూ జొన్నరొట్టె చేసేది, పెనం మీద రొట్టె కాలిన సంగతి వాసన పట్టే చెప్పేది. బియ్యంలో రాళ్లేరే పని నాకు అప్పగించి, నీ వేళ్లు సన్నగున్నయి కదా అనేది. సాయంత్రం బైబిలు నాతోనే చదివించుకుని, నీ చదువెట్లున్నదో గిట్లనే తెలుస్తది అనేది. వీధిలో వచ్చేవాళ్లను అడుగుల చప్పుడు బట్టి, దగ్గు బట్టి పేరు పెట్టి పిలిచేది. మా నాయినమ్మ అంత హుషారైన మనిషి వీధిలో ఇంకొకరు లేరని నేను బడిలో గొప్పలు చెప్పుకునేదాన్ని. ఆ గొప్పలు తలచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్లు జలదరిస్తుంది.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు యూనిట్ యజమాని సేటు గారి ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లై, ఆడి విసిగిపోయిన ప్లాస్టిక్ ఇటుకల డబ్బా ఒకటి నాయిన చేతికిచ్చి పంపారు. ఆ ఏడు క్రిస్మస్‌కు దాంతో ఒక ఇల్లు కట్టి, అందులో దీపాలు పెట్టాలని నాకు పిచ్చి పట్టింది. దానికి కారణం కూడా సేటు గారి ఇల్లే. ఒకసారి నాయినతో పోయినప్పుడు అక్కడ బల్బు ఎక్కడా కనబడకుండా గోడ వెనక నుంచి వెలుతురు రావడం చూశాను. నోరు తెరుచుకుని చూశాను. అప్పట్లో చాయ్ బండ్ల దగ్గర అమ్మే లైటర్ల అడుగున చిన్న తెల్ల లైటు ఉండేది. గ్యాసు అయిపోగానే వాటిని విసిరేసేవాళ్లు. యూనిట్‌లో పనిచేసేవాళ్లందరినీ వేధించి అలాంటివి ఆరు పోగుచేశాను. వాటిలోని లైట్లు, చిన్న బ్యాటరీలు ఊడదీసి, పాడైన టేప్‌రికార్డరు నుంచి తీసిన సన్న తీగలు మెలిపెట్టి, బ్యాండేజీ పట్టీతో చుట్టి, కిటికీల వెనక దాచాను. తీగ కనబడితే మళ్లీ ఇల్లంతా ఊడదీయడం, మళ్లీ కట్టడం. చదువు అటకెక్కింది. అమ్మ రెండుసార్లు డబ్బా అటక మీద పెట్టేసింది, నేను రెండుసార్లు దించుకున్నాను.

నాయినకు కూడా ఆ ఏడు ఇంకో పిచ్చి పట్టింది. ఊరందరి ఇళ్లకు అద్దంలాంటి బండలు పంపించేవాడికి సొంత ఇంట్లో గరుకు బండలేమిటని వాళ్లూ వీళ్లూ ఎగతాళి చేసేవాళ్లట. పండుగకు పదిరోజుల ముందు యూనిట్ నుంచి చిన్న మిషన్ అడిగి తెచ్చి, రెండు రోజులు సెలవు పెట్టి, గుంతల్లో, సందుల్లో సిమెంటు నింపి, నీళ్లు పోస్తూ ఇల్లంతా పాలిష్ చేశాడు. మేమందరం అరుగు మీద కూర్చుని చూశాం. మూడోనాడు కడిగి ఆరబెట్టేసరికి నేలలో పైకప్పు దూలాలు కనబడ్డాయి. వీధిలో వాళ్లందరూ వచ్చి చూసి పోయారు. నాయిన వాళ్లమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నిలబెట్టి, ఇదంతా నీకోసమే, నీ కాళ్లకు ఇక గరుకు తగలదు అన్నాడు. ఆమె పాదంతో నేలను అటూ ఇటూ తడిమింది. మంచిగున్నది కొడుకా అంది.

ఆ మర్నాటి నుంచి నాయినమ్మ మంచం దిగడం మానేసింది. మోకాళ్ల నొప్పులంది. దిగినా గోడ పట్టుకుని నడిచేది. పొయ్యి దగ్గరికి పోవాల్సింది పోయి బియ్యం డబ్బా దగ్గర నిలబడేది. ఒకరోజు నీళ్ల బిందెకు తన్నుకుని ఇల్లంతా నీళ్లు చేసింది. అమ్మకు ఒకపక్క మిల్లు పని, ఇంకోపక్క సకినాలు, గరిజెలు చేసుకునే పండుగ పని, అన్నీ తన నెత్తినే పడ్డాయి. అత్త ఏదో మనసులో పెట్టుకుని అలిగిందని ఆమె నిర్ధారించుకుంది. నాయిన కూడా అదే నమ్మాడు. ఇంత చేస్తే కూడా మొఖం మాడ్చుకుని కూర్చుందేమని ఆయనకు లోపల కోపంగానే ఉంది. నేను నా దీపాల ఇంటి ధ్యాసలో ఉన్నాను, నాకేం పట్టలేదు.

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు నా ఇల్లు పూర్తయింది. దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది, నాకు కావాల్సిందీ అదే. నాయిన అప్పుడే పని నుంచి వచ్చి గడపలో కూర్చుని బీడీ ముట్టిస్తున్నాడు. ఇంటిని రెండు చేతులతో ఎత్తి మంచం మీద నాయినమ్మ ముందు పెట్టి, వెనక దాచిన మీట నొక్కాను. టిక్కుమని చప్పుడైంది. ఒక్క కిటికీ కూడా వెలగలేదు. ఎక్కడో తీగ ఊడినట్టుంది. నేను ఏడుపు మొఖం పెట్టి నోరు తెరవబోయేలోగా నాయినమ్మ నవ్వింది.

"అబ్బ, ఎంత మంచిగ వెలిగిందే బిడ్డా. కండ్లు జిగేల్‌మంటున్నయి."

వేళాకోళం చేస్తోందనుకున్నాను. కానీ ఆమె చేతులు ముందుకు చాపి కిటికీల మీద వేళ్లు ఆనిస్తూ, ఒక్కొక్క దాన్నీ మెచ్చుకుంటోంది. ఆ చీకటి కిటికీలను అంత ప్రేమగా మెచ్చుకోవడం చూసి నేను మంచం దగ్గర నుంచి వెనక్కి జరిగాను. ఆడుకుంటూ ఆడుకుంటూ బావి అంచు దాకా వచ్చేసినట్టనిపించింది. నాయిన లేచి వచ్చాడు. బీడీ ఎక్కడ పడేశాడో తెలియదు.

"అవ్వా," అన్నాడు, "అది వెలుగనే లే."

ఆమె వేళ్లు ఆగిపోయాయి. మిల్లు నుంచి వచ్చిన అమ్మ సంచీ కింద పెట్టడం కూడా మరిచి గడపలోనే నిలబడిపోయింది. నాయినమ్మ ఏడవలేదు. దొంగతనం బయటపడ్డ మనిషిలాగా తల వంచుకుంది. అప్పుడు నెమ్మదిగా ఒక్కొక్కటీ చెప్పింది. మూడేళ్లకు పైగా చూపు కొంచెం కొంచెంగా పోయిందట. ఇప్పుడు పగలూ రాత్రీ తేడా ఒక్కటే తెలుస్తుందట. ఆ గుంత బండ వస్తే పొయ్యి, గీత బండ వస్తే నీళ్ల బిందె, అంచు విరిగిన బండ వస్తే వాకిలి. పాదాలతోనే ఇల్లంతా తిరిగిందట. ఎందుకు చెప్పలేదని నాయిన గొంతు పెంచాడు.

"చెప్తే కోడలు పని బందు వెట్టి నా పక్కన కూసుంటది," అంది. "మీ ఇద్దరి కూలి లేకుంటే ఈ పిల్ల చదువెట్ల?"

పండుగ ఎలా గడిచిందో నాకు గుర్తు లేదు. పండుగ వెళ్లిన మర్నాడే రైల్లో వికారాబాదు తీసుకుపోయాం. కండ్ల డాక్టరు చాలాసేపు చూసి, కంటి నరం ఎండిపోయింది, ఇక చూపు రాదన్నాడు. రెండు మూడేండ్ల కింద తీసుకొస్తే ఉన్నంత చూపైనా నిలిచేదన్నాడు. ఆ మాట వినగానే నాయిన గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ఆ రోజుల్లో ఆమె తలనొప్పి, కండ్ల మంట అని రెండు మూడుసార్లు చెప్పిందట. అది పొయ్యి పొగ, తగ్గిపోతదిలే అన్నది తనేనట.

ఇంటికి రాగానే నాయిన అంగీ విప్పి, ఉలీ సుత్తీ తీసుకుని నేల మీద కూర్చున్నాడు. ఏడ ఏముండెనో చెప్పవ్వా అన్నాడు. ఆమె మంచం మీద నుంచి చెబుతూ పోయింది, ఆయన కొడుతూ పోయాడు. రెండు రోజులు కష్టపడి తెచ్చిన మెరుపు చిన్న చిన్న పెంకులై ఎగిరింది. చప్పుడు విని వచ్చిన వీధిజనం ఈయనకు మతి పోయిందనుకున్నారు. ఆయన తలెత్తకుండా కొడుతూనే ఉన్నాడు. పొయ్యి దగ్గర గుంత, బిందె దగ్గర గీత, వాకిట్లో విరిగిన అంచు, మధ్యమధ్యలో గరుకు. చివరికి ఆమె మంచం దిగి పొయ్యిదాకా నడిచి, గుంతలో బొటనవేలు పెట్టి నిలబడింది. అప్పుడు ఏడ్చాడు మా నాయిన.

ఆ తరువాత ఆమె ఎనిమిదేళ్లకు పైగా బతికింది. ఇప్పుడు ఆ ఇల్లు మాది కాదు, కొన్నవాళ్లు ఆ బండల మీదనే టైల్సు వేయించారు. గరుకు బండలు ఇళ్లలో ఎవరూ పరవడం లేదు, మా ఇంట్లోనూ అంతా నున్నగానే ఉంది. మిషన్ల రొద వింటూ రొట్టె చప్పుడుకు నిద్రలేచే పొద్దులు పోయాయి. పాదాలతో ఇల్లు చూసిన మనిషీ పోయింది. నేను డిగ్రీ చదవడానికి హాస్టలుకు బయల్దేరిన రోజు నన్ను దగ్గరికి పిలిచి, రెండు చేతులతో నా మొఖమంతా తడిమి, బుగ్గలు నిమిరి, ఒక మాట అడిగింది.

"ముందటి పండ్లు మంచిగ వచ్చినయా బిడ్డా?"

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. ఆమె నన్ను చివరిసారి సరిగ్గా చూసింది ముందుపళ్లు ఊడిన వయసులో. అక్కడి నుంచి ఆమెకు నేను పెరగనే లేదు.

మొన్న దీపాల ఇంటి పక్కన నా బిడ్డ నిలబడి, రెండు ముందుపళ్లు ఊడిన నోటితో నవ్వుతోంది. నేను ఆ దీపాలను వదిలేసి దాని మొఖమే చూస్తున్నాను. ఏందమ్మా గట్ల చూస్తున్నవ్ అంది. ఏం లేదు బిడ్డా, జర ఆగు, చూసుకోనీ అన్నాను.