పోచమ్మ ముక్కుకు అందని వాసన

సోమవారం పొద్దున బట్టలు నానబెట్టబోతూ పోచమ్మ కొడుకు చొక్కాను రెండుసార్లు వాసన చూసింది. సంత్రా తొక్క గిల్లినప్పుడు వచ్చే వాసన. దాని అడుగున ఇంకేదో పులుపు. గుడుంబా కాదు, కల్లు కాదు, బ్రాందీ అసలే కాదు. ఆ మూడూ ఆమె చీకట్లో కూడా గుర్తుపడుతుంది. ఇది తెలియని వాసన కాబట్టే అనుమానం ముదిరింది.

చొక్కా బెన్నీది. ఎల్బీనగర్‌లో కొత్తగా కట్టిన కాంప్లెక్సు పైఅంతస్తులో, బీరు అక్కడే కాచి అక్కడే పోసే చిన్న బ్రూవరీ ఒకటి తెరిచారు. బెన్నీ అందులో ట్యాంకులు కడుగుతాడు. చేరి నెలయింది. కడగడమే తప్ప చుక్క ముట్టనని ఇంట్లో చెప్పాడు. వాళ్ల నాన్న సుందరయ్య కూడా ఒకప్పుడు ముట్టలేదనే చెప్పేవాడు.

సుందరయ్య తాపీమేస్త్రి. గుడుంబా మానేసి ఎనిమిదేళ్లు. మాన్పించింది ప్రభువేనని చర్చిలో సాక్ష్యం చెబుతాడు. పోచమ్మ కాదనదు, కానీ కాపలా పని మాత్రం ప్రభువు మీదే వదిలేయలేదు. మీర్‌పేట్‌లోని వాళ్ల రెండు గదుల ఇంట్లో రోజూ సాయంత్రం ప్రార్థనలో బైబిలు చదివేది సుందరయ్యే. పోచమ్మ తనది కూడబలుక్కునే చదువు గనక ఆయన చదివితేనే ఇంపుగా ఉంటుందని అందరికీ చెబుతుంది. అసలు సంగతి వేరు. కీర్తన చదివే మనిషి నోరు మూసుకోలేడు. పోచమ్మ ఆ నోటికి జానెడు దూరంలో కళ్లు మూసుకుని కూర్చుంటుంది.

ఇప్పుడు కొడుకు తాగి ఇంటికొస్తే ఆ వాసనకే మొగుడు జారిపోతాడని ఆమె భయం. తాగుతున్న మాట నిజమైతే బెన్నీని ఈరోజే ఆ పనిలోంచి లాక్కురావాలనుకుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో తాను వంట చేసే హాస్టల్లో మధ్యాహ్నం గిన్నెలు దించేసి, నేరుగా ఆ బ్రూవరీకి వెళ్లింది. తల్లిని చూసి బెన్నీ చేతిలో పైపు వదిలేశాడు. బీరు కాచే తన్మయి, గుంటూరు పిల్ల, కుర్చీ వేసింది. పోచమ్మ కూర్చోలేదు. వాసన కోసం ఏం కలుపుతారని అడిగింది. తన్మయి డబ్బా తెరిచి పచ్చటి గుళికలు చూపించింది.

"పువ్వేనండీ ఆంటీ. హాప్స్ అంటారు. ఎండబెట్టి ఇలా నొక్కుతారు."

"మల్లెపువ్వు సూసిన, బంతిపువ్వు సూసిన. గిది కోళ్ల దాణ లెక్కున్నది బిడ్డా."

చిన్న గ్లాసులో పేల్ ఏల్ అనే రకం బీరు పోశారు. పాలు కలపని టీ రంగు, పైగా మసకగా ఉంది. మసకగా ఉందంటే ఏదో కలిపినట్టే. ముందు నువ్వు తాగమంది. తన్మయి నవ్వి తాగింది. ఆ పిల్ల కళ్లు తేలేస్తుందేమోనని పోచమ్మ కాసేపు చూసింది. తేలేయలేదు.

అయినా నమ్మకం కుదరలేదు. గుడుంబా వాసన సీసాలో ఒకటి, మనిషి నోట్లో ఇంకొకటి. చొక్కాను చూసి నోటి సంగతి తేల్చలేరు. ఒక్క గుక్క పోసుకుంది. వేపపుల్ల నమిలినంత చేదు. మింగి, అరచేయి నోటికి అడ్డం పెట్టి ఊది, వాసన చూసుకుంది. సంత్రా పోయింది. పులిసిన దోసెపిండి మిగిలింది.

కొడుకును దగ్గరికి పిలిచింది.

"ఊదు."

"మేడం ముంగట ఏందే అమ్మా?"

"మేడం సూస్తె సూడనీ. ఊదు."

ఊదాడు. పొద్దున తాను కట్టిచ్చిన గుడ్డు కూర, ఉల్లిగడ్డ. మళ్లీ ఊదించింది. అదే ఉల్లిగడ్డ. చొక్కా మీదిది ట్యాంకు కడిగితే చిందిన వాసనేనని, ఈరోజుకు వీడు తాగలేదని ఒప్పుకుంది. పని మాన్పించలేదు. రేపటి సంగతి రేపు చూస్తుంది, ఆ వాసన ఇప్పుడు ముక్కుకు తెలుసు.

బస్టాపు దగ్గర సోంపు పొట్లం కొని, ఇల్లు చేరేలోపు మొత్తం నమిలేసింది.

సాయంత్రం ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. సుందరయ్య కళ్లద్దాలు పెట్టుకున్నాడు గానీ బైబిలు తెరవలేదు. భార్య వైపు వంగాడు.

"సోంపు తిన్నవా?"

"కడుపుల మంటగున్నదని తిన్న."

ఎనిమిదేళ్ల కిందట ఆ ఇంట్లో రోజూ వినిపించిన జవాబే. అప్పట్లో చెప్పేది సుందరయ్య. బెన్నీ తల వంచుకుని చాప పోగులు పీకసాగాడు.

సుందరయ్య కళ్లద్దాలు తీసి, బైబిలు ఆమె ఒళ్లో పెట్టి, ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

"ఇయ్యాల నువ్వు సదువు."

"నాకు జల్ది రాదు గద."

"జల్దేమున్నది? నూట పంతొమ్మిదో కీర్తన తియ్యి."

బైబిల్లో అంతకంటే పొడుగు కీర్తన లేదు. నూట డెబ్బై ఆరు వచనాలు.