వెనక లైటు తీసేసిన స్కూటర్

మా ఆయన నాగశివ నిజాంపట్నం రేవులో చేపలు కొని, స్కూటర్ మీద తెనాలి తీసుకెళ్లి అమ్మేవాడు. పెట్టెలో ఐసు కరిగి ఉప్పునీళ్లు కారేవి. సీటు కింద వైర్లలోని రాగి చిలుమెక్కి తెగిపోయేది. బండి దారిలో ఆగినప్పుడల్లా సరుకు పాడయ్యేది.

ఒకరోజు విసిగిపోయి, వైర్ల కట్టంతా వాకిట్లో పరిచి, ఇంజనుకూ ముందు లైటుకూ వెళ్లేవి తప్ప అన్నీ కత్తిరించేశాడు. మిగిలిన అతుకులకు వల దారం చుట్టి, పడవ చెక్కల సందుల్లో పూసే తారు పూశాడు.

"వెనక లైటుకన్నా వైరు మళ్లీ కలుపు మావా," అన్నాను.

"చేపలోడి వెనకాల ఎవడొస్తాడే? కంపుకి ఆమడ దూరంలో ఉంటారు!" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది.

ఆ తర్వాత బండి ఎక్కడా ఆగలేదు. మాఘమాసపు మంచులో, రేపల్లె దాటాక, వెనకనుంచి లారీ గుద్దింది. "ఏమీ కనపళ్లేదమ్మా," అంటూ ఆసుపత్రి వరండాలో డ్రైవరు నా కాళ్లమీద పడ్డాడు. అప్పటికే ఆయన లేడు.

పోలీసులు అప్పగించిన స్కూటర్‌ని మా మరిది కొండలరావు ఆటోట్రాలీలో తెచ్చి దించాడు. వెనక రేకంతా నలిగిపోయింది. పనిచేస్తుందో లేదోనని కిక్కు కొట్టాడు. మొదటి కిక్కుకే స్టార్టయింది. ముందు లైటు వెలిగి, వెలుగు గోడమీద పడింది.

"ఆపయ్యా," అన్నాను. ఇంజను చప్పుడులో అతనికి వినపడలేదు.