కట్ల అక్క తుడవని పుండు

ఆసుపత్రిలో కట్లు కట్టే ఆ నర్సును అందరూ కట్ల అక్క అనేవారు. పుండు కనిపిస్తే చాలు, తుడిచి తుడిచి శుభ్రం చేసేదాకా ఆమె చేతులు ఊరుకునేవి కావు. రోగులు గావుకేకలు పెట్టినా, "అరుస్తూ ఉండండి, నా పని నేను చేసుకుంటా" అనేది.

అలాంటి మనిషి చేతికి సొంత తమ్ముడే రోగిగా వచ్చిపడ్డాడు. బస్సు డ్రైవరు. రేడియేటర్ మూత తీయబోతే సలసల కాగే నీళ్లు కుడిపాదం మీద చిమ్మాయి. అసలే షుగర్ మనిషి. నెలలు గడిచినా పుండు మానలేదు సరికదా, ఇంకా లోతుకు దిగింది. పాదం పోతే వాడి స్టీరింగూ పోయినట్టే.

డాక్టరమ్మ ఉల్లిపొరంత పలచటి రేకు తెచ్చి పుండు మీద పరిచింది. జంతువుల చర్మం నుంచి తీసిన కొలాజెన్ అనే ప్రొటీన్ అట.

"ఇది కట్టు కాదక్కా, పందిరి. కొత్త కండ దీన్ని పట్టుకుని పాకుతుంది. ఇదీ పనిచేయకపోతే మాత్రం పాదం తీసేయాల్సిందే."

పందిరీ లేదు, పాడూ లేదు అని అక్క లోలోపల గొణుక్కుంది.

కొన్నాళ్లకు అక్క కట్టు విప్పి చూసింది. రేకు కాస్తా పసుప్పచ్చని జిగురైపోయింది. చీము! దూది అందుకుని ఒక్క ఉదుటున వంగింది.

"అయ్యో, ముట్టుకోకండక్కా!" డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "చీము కాదది, వాసన చూడండి. రేకే అలా మెత్తబడింది. తుడిచారంటే మొలుస్తున్న కండంతా ఊడొస్తుంది."

నిజమే, కంపు లేదు. పుండును తుడవకుండా కప్పడం ఆమెకు అదే మొదలు. కప్పిందే గానీ, ఆ తర్వాత ముద్ద గొంతు దిగితే ఒట్టు. తమ్ముడి మంచం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది.

"ఏంటే అక్కా, పోలీసులు పట్టుకున్నట్టు నిలబడ్డావ్?"

"నోర్మూసుకో! నీ కాలు కోసమే."

మళ్లీ విప్పేరోజు తమ్ముడు భయంతో కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అక్క కట్టు విప్పింది. రేకు లేదు. జిగురూ లేదు. కట్టు దులిపింది, దుప్పటి ఎత్తింది, మంచం కిందికి కూడా వంగి చూసింది. ఎక్కడికి పోతుంది? అప్పుడు పాదం వైపు చూసింది. గుంట పూడిపోయి, ఎర్రగా కొత్త కండ నిండి ఉంది. అంచుల నుంచి లేత చర్మం లోపలికి పాకుతోంది. ఎన్ని పుళ్లు చూసిన కళ్లవి! ఇలాంటి వింత మాత్రం ఎన్నడూ చూడలేదు.

"ఇక పాదానికి భయం లేదు" అంది డాక్టరమ్మ.

"ఆ రేకు తీసేశావా అక్కా?" కళ్లు తెరవకుండానే తమ్ముడు అడిగాడు.

"తీయడానికేం మిగిలిందిరా, అది నువ్వైపోయింది" అంటూ అక్క వాడి కాలు పట్టుకుని, వార్డంతా చూస్తుండగా భోరుమంది.