తాతలు తెలియని ఫైలు

బిష్కెక్‌లోని మా మంచుకొండల పరిశోధన కేంద్రంలో డైరెక్టరుకు భయపడనివాళ్లున్నారు గానీ ఫైళ్లు భద్రపరిచే బురుల్చా ఎజేకి భయపడనివాళ్లు లేరు. ఎజే అంటే అక్క. డైరెక్టరు కూడా ఆమెను అలాగే పిలుస్తాడు. ఎవరు కొలిచారు, ఎప్పుడు, ఎక్కడ, ఏ పరికరంతో, ప్రోగ్రామును ఎవరు రాశారు, ఎన్నిసార్లు మార్చారు, ఎందుకు మార్చారు: ఈ ఏడూ నింపిన చీటీ లేనిదే ఆమె ఏ ఫైలునూ దాచదు. ఏడు తరాల తాతల పేర్లు చెప్పలేనివాణ్ణి మా కిర్గిజులు మనిషి కింద జమకట్టరు. ఫైలుకూ అదే న్యాయమంటుంది.

టొక్తోసున్ ఒక్కడే ఆమెకు కొరకరాని కొయ్య. కొండ మీది సరస్సులో నీటిమట్టం చెప్పే ప్రోగ్రాము రాసిన మొనగాడు. చీటీ అడిగితే తన తాతల పేర్లు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు.

“నీ తాతలు సరేలే, దీని తాతలెవరు?” అందామె.

“నేనే రాశానని అందరికీ తెలుసు కదా ఎజే. మళ్లీ చీటీ దేనికి?”

నిజం చెప్పొద్దూ, నేనూ నవ్వాను. అతను ఫైళ్లను తన కంప్యూటర్లోనే వదిలేసి, సరస్సు కింది లోయలో గొర్రెలు మేపే తల్లి దగ్గరికి సెలవు మీద వెళ్లాడు. అక్కడ ఫోన్లు పలకవు.

వాన పట్టుకుంది. సరస్సు గట్టు తెగుతుందేమో, లోయలోని కాపరుల్ని గుడారాలతో సహా లేపాలో వద్దో మధ్యాహ్నంలోగా చెప్పమని జిల్లా నుంచి కబురొచ్చింది. అతని కంప్యూటర్ తెరిచాం. రెండు ఫైళ్లు: ‘చివరిది’, ‘అసలు చివరిది’. నీళ్లు గట్టుకు మూడు మీటర్ల కింద ఉన్నాయని ఒకటి, జానెడు కింద ఉన్నాయని రెండోది. మూడు మీటర్లే అనుకుందామన్నాడు డైరెక్టరు. అక్కడున్నది మనుషులని కసిరి, అందర్నీ కొండెక్కించమని ఎజే జిల్లావాళ్లకు చెప్పి గుర్రపు రౌతు చేత కబురు పంపించింది.

సరస్సు తెగలేదు. నాలుగో రోజు టొక్తోసున్ మోకాళ్లదాకా బురదతో ఊడిపడ్డాడు. వానలో గుడారం విప్పి, ఇనప పొయ్యి వీపున మోశాడట. తల్లి దారిపొడవునా మా ఆఫీసును శాపనార్థాలు పెట్టిందట.

“మూడు మీటర్లు ఖాళీ ఉంటే ఎందుకు లేపారు?” అని నిలదీశాడు.

ఎజే కంప్యూటర్ అతనివైపు తిప్పింది. “ఏది నిజం?”

అతను ఇది తెరిచాడు, అది తెరిచాడు. పాత కొలబద్దతోనా, కొత్తదానితోనా అని గొణుక్కున్నాడు. ముందున్న టీ చల్లారిపోయింది.

“నాకూ తెలీట్లేదు ఎజే.”

నాకు నవ్వాగలేదు. ఎజే నవ్వలేదు.

“మీ అమ్మావాళ్లు ఇంకా కొండ మీదే ఉన్నారా?”

“నిన్ననే దిగారు,” అన్నాడు. “మూడు మీటర్లుందని నేనే దింపాను.”

బయట వాన పడుతూనే ఉంది. అతను అప్పటికే మెట్ల మీద పరుగెడుతున్నాడు.