వెనక నుంచి పిలవకూడదు

నా చిన్నప్పుడు మా ఇంట్లో, బయటికి బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవడం మహాపాపం. అది మా నాయనమ్మ పెట్టిన చట్టం. నాన్న ఆఫీసుకి వెళ్తూ అన్నం డబ్బా మరిచిపోతే, గుమ్మంలోంచి "ఏవండీ" అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. కానీ మా అమ్మ ఆ డబ్బా పట్టుకుని గరాజు పక్క సందులోంచి పరుగెత్తి, పోస్టు డబ్బా చుట్టూ తిరిగి, కారుకి ఎదురుగా వెళ్ళి నిలబడాలి. అప్పుడే చేతికివ్వాలి. ఎదురింటి ఆస్ట్రేలియన్ పెద్దాయన పొద్దున్నే మొక్కలకి నీళ్ళు పెడుతూ ఈ ప్రదక్షిణం చూసేవాడు. ఇదేదో మా మతంలో భాగం అనుకున్నాడో ఏమో, అమ్మ పరుగు పూర్తయ్యేదాకా గొట్టం కిందికి దించి మర్యాదగా నిలబడేవాడు.

ఎనభైల చివరి మాట ఇది. మేం మెల్‌బోర్న్ శివార్లలో వెర్రిబీలో ఉండేవాళ్ళం. ఊరి పేరు వినగానే నాయనమ్మ "పేరులోనే ఉంది వెర్రి, ఇంక అడగాలా" అంది. అప్పట్లో అక్కడ తెలుగు ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఊరి చివర కాలీఫ్లవర్ తోటలు ఉండేవి. గాలి ఇటు తిరిగిన రోజున మురుగునీటి క్షేత్రం వాసన వచ్చి పలకరించేది. నాయనమ్మ తెనాలి దగ్గర పల్లె నుంచి కొన్నాళ్ళు మాతో ఉందామని వచ్చింది. నాకు తొమ్మిదేళ్ళు. ఆవిడ తెలుగులో అడిగితే నేను ఇంగ్లీషులో జవాబు చెప్పేదాన్ని. ఇద్దరికీ సగమే అర్థమయ్యేది, పోట్లాడుకోవడానికి ఆ సగం బాగానే సరిపోయేది.

నాన్న ఇంజనీరు. శనివారాలు నన్ను పిల్లల క్రీడల క్లబ్బుకి తీసుకెళ్ళేవాడు. ఊరికే నిలబడటం చేతకాని మనిషి కాబట్టి అక్కడ కొలత టేపు పట్టుకోవడం మొదలుపెట్టాడు. తరవాత పుస్తకాలు చదివి, పరీక్షలు రాసి, మైదానంలో అధికారి అయిపోయాడు. ఆ ఏడాది నగరంలో అంతర్జాతీయ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. మగవాళ్ళ హ్యామర్ త్రోలో ఆయనకి డ్యూటీ పడింది. ఆ కబురు ఇంట్లో చెప్పిన రోజున ఆయన ఆనందం చూడాలి. ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా అంత మురిసిపోలేదు.

అమ్మ వెంటనే "ఇంట్లో మీరు వేసే సుత్తి చాలదా, స్టేడియంలో కూడానా" అని ఏడిపించింది. నాయనమ్మ మాత్రం నవ్వలేదు.

"మేకు కొట్టుకోవాల్సిన సుత్తిని గాల్లోకి విసరడమేంట్రా? ఎవరి నెత్తిన పడాలని?"

"అది మామూలు సుత్తి కాదమ్మా. ఉక్కు తీగ చివర ఇనప గుండు. గిరగిరా తిరిగి వదిలేస్తారు. అది పడ్డచోట నేను గుర్తు పెట్టాలి."

"అంటే పడేచోటే నిలబడతావా?"

నాన్న నవ్వేసి ఊరుకున్నాడు. నాయనమ్మ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

పోటీ రోజున పొద్దుటి నుంచీ ఉత్తరపు గాలి. మెల్‌బోర్న్ వేసవిలో ఆ గాలి ఎడారి మీద నుంచి వస్తుంది. పొయ్యి మూత తీసినట్టు మొహానికి తగులుతుంది. ఆకాశం నీలంగా లేదు, దుమ్ము పట్టి మట్టిరంగులో ఉంది. అమ్మకి ఆసుపత్రిలో డ్యూటీ ఉంది. అందుకని నాన్న నన్నూ నాయనమ్మనీ కార్లో ఎక్కించుకున్నాడు. దారిపొడుగునా నాయనమ్మ కిటికీలోంచి ఆ ఆకాశాన్నే చూస్తూ కూర్చుంది.

మమ్మల్ని స్టేడియం చివర, కంచె పక్కన కూర్చోబెట్టి నాన్న వెళ్ళిపోయాడు. జనం పెద్దగా లేరు. విసిరేవాళ్ళు మైదానం అవతలి కొసన, ఎత్తయిన వల కట్టిన పంజరంలాంటి దాంట్లో ఉన్నారు. అక్కడి నుంచి మా వైపుకి రెండు తెల్ల గీతలు విడిపోతూ వచ్చాయి. ఆ గీతల మధ్య గుండు పడాలి. మా ఇవతలి కొసన, ఒక గీతకి దగ్గర్లో, మాకు వీపు పెట్టి, తెల్ల టోపీతో నాన్న నిలబడ్డాడు. మాకూ ఆయనకీ మధ్య పరుగు బాట తప్ప ఏమీ లేదు. ప్రతి విసురుకీ ముందు ఒక హారన్ మోగేది. అది మోగగానే గడ్డి మీదున్న అధికారులందరూ కదలకుండా పంజరం వైపు చూసేవాళ్ళు.

మొదటి విసురు నాకు ఇప్పటికీ గుర్తు. ఎక్కడో దూరాన ఒక భారీ మనిషి తనచుట్టూ తాను తిరిగాడు. ఏదో నల్లటి చుక్క పైకి లేచింది. చాలాసేపు అది వస్తున్నట్టే అనిపించలేదు. అంతలోనే దభీమని నేలలో దిగబడింది. ఆ అదురు నా కాళ్ళ కింద తెలిసింది. గడ్డి పెళ్ళ లేచిపడింది. నాన్న చకచకా నడిచి వెళ్ళి ఆ గుంట దగ్గర వంగాడు. నాయనమ్మ తనలో తాను "రామ రామ" అనుకుంది.

కొన్ని విసుర్లు అయ్యాక నాకు భయం పోయింది. పిల్లలకి ఏదైనా త్వరగా అలవాటవుతుంది. పక్కన కూర్చున్న ఒక ఆంటీ నాకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టింది. దాన్ని నాన్నకి చూపించాలనిపించింది. కంచె మీదికి ఎక్కి "నాన్నా!" అని అరిచాను.

ఆయన వెంటనే తిరిగాడు. తల మాత్రమే కాదు, మనిషి మొత్తం తిరిగి, నన్ను చూసి నవ్వి, చెయ్యి ఊపాడు. సరిగ్గా అప్పుడే హారన్ మోగింది. అవతలున్న పెద్ద అధికారి "ఐస్ ఫ్రంట్, మేట్!" అని గర్జించాడు. కళ్ళు ముందుకి పెట్టమని. నాన్న గిర్రున తిరిగిపోయాడు. ఆ గుండు ఆయనకి చాలా దూరంలో పడింది, ఏమీ కాలేదు. కానీ నాయనమ్మ మొహంలో నెత్తురు లేదు.

విరామంలో నాన్న కంచె దగ్గరికి వచ్చాడు. కోప్పడలేదు. "నేను గడ్డి మీదున్నంతసేపూ నన్ను పిలవకమ్మా. ఆ గుండు మీద నుంచి కన్ను తీయకూడదు. చూస్తూ ఉంటే తప్పుకోవచ్చు, చూడకపోతే అది వచ్చేది తెలియదు" అన్నాడు. నేను ఓకే అన్నాను. నాయనమ్మ "నేను చెప్పలేదూ" అంటుందని చూశాను. వెనక నుంచి పిలవకూడదని చెవినిల్లు కట్టుకుని చెప్పిన మనిషికి అది గెలిచే అవకాశం. ఆవిడ మాత్రం కొడుకు తిరిగి గడ్డి మీదికి నడుస్తుంటే ఆ వీపునే చూస్తూ ఉండిపోయింది.

మధ్యాహ్నం తిరిగాక మైక్‌లో ఏదో చెప్పారు. చుట్టుపక్కల వాళ్ళు "కూల్ ఛేంజ్ వస్తోంది" అనుకుంటూ టోపీలు పట్టుకున్నారు. గాలి దిక్కు మారి ఒక్కసారిగా చల్లబడటాన్ని అక్కడ అలా అంటారు. ముందు గాలి పూర్తిగా ఆగిపోయింది. జెండాలు కర్రలకి అతుక్కుపోయాయి. మైదానం మధ్యలో వాలిన సముద్రపు కాకులన్నీ ఒకే దిక్కుకి మొహం పెట్టి కూర్చున్నాయి. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు. జరిగి జరిగి నాయనమ్మ ఒళ్ళోకి చేరాను.

హారన్ మోగింది. పంజరంలో మనిషి తిరగడం మొదలుపెట్టాడు. అదే క్షణంలో అవతలి కొస నుంచి దుమ్ము గోడలా లేచి వచ్చింది. పక్షులన్నీ ఒక్క పెట్టున ఎగిరాయి. తిరుగుతున్న మనిషి కాలు జారిందో, గాలికి తూలాడో, గుండు అతని చేతిలోంచి ఆలస్యంగా వెళ్ళింది. దుమ్ములో అది కాసేపు కనిపించలేదు. మళ్ళీ కనిపించేసరికి గీతల మధ్యకి కాదు, గీత దగ్గరున్న తెల్ల టోపీ వైపు వస్తోంది. తీగ గాలిని కోస్తున్న చప్పుడు వినిపించింది. నాన్న కదల్లేదు. ఆయనకి కనిపించలేదు.

నా నోరు తెరుచుకుంది. "నా" అన్నంతవరకే వచ్చింది. ఒక చెయ్యి వచ్చి నా నోటిని మూసేసింది. మామూలుగా మూయడం కాదు, నా తల వెనక్కి తన గుండెకేసి అదిమింది. నేను తన్నాను, గుద్దాను. చివరికి ఆ అరచేతిని పళ్ళతో కొరికాను. నాలిక్కి ఉప్పగా తగిలింది. చెయ్యి తియ్యలేదు.

నాన్న తల కొంచెం పైకెత్తడం చూశాను. ఒక అడుగు పక్కకి వేశాడు, ఇంకొకటి వేశాడు. ఆయన అప్పటిదాకా నిలబడ్డచోట నేల పగిలింది. మట్టి ఎగిరి ఆయన ప్యాంటు నిండా పడింది. పక్క అధికారి ఎర్ర జెండా ఎత్తాడు, ఆ విసురు చెల్లదని. నాన్న టోపీ సరిచేసుకుని, ఏమీ జరగనట్టు గుంట దగ్గరికి నడిచాడు. అప్పుడు నా నోటి మీద చెయ్యి వదులైంది.

నేను ఏడుస్తూ నాయనమ్మ మీద విరుచుకుపడ్డాను. ఇంగ్లీషు, తెలుగు కలగాపులగంగా వచ్చాయి. "యూ డోంట్ కేర్! నాన్న చచ్చిపోయేవాడు! నేను చెప్పేదాన్ని కదా, ఎందుకు ఆపావు?" జవాబు చెప్పడానికి లేకుండా ఆవిడ నోటినిండా ఏదో ఉంది. చూస్తే చీర కొంగు. రెండో చేత్తో కొంగు ఉండచుట్టి తన నోట్లో తనే కుక్కుకుంది. మెల్లగా బయటికి లాగింది. అంచు దగ్గర జరీ తెగిపోయి ఉంది.

"పిలిస్తే తిరుగుతాడే," అంది. "నువ్వు పిలిచినా, నేను పిలిచినా తిరుగుతాడు. చిన్నప్పట్నించీ అంతే వాడు. పిలిస్తే తిరక్కుండా ఉండటం వాడికి చేతకాదు."

ఆ తరవాత నన్ను దగ్గరికి లాక్కుంది. ఒళ్ళంతా వణుకుతోంది. అంతసేపూ నా వెనక రాయిలా ఉన్నదనుకున్న మనిషి అలా వణకడం చూసి నాకు అసలు భయం అప్పుడు వేసింది. వాన చినుకులు మొదలయ్యాయి. మా ఇద్దరికీ లేచి పక్కకి వెళ్ళాలని కూడా తోచలేదు.

ఇంటికొచ్చాక నాన్న ఆ సంగతిని అమ్మకి తమాషాలా చెప్పాడు. చివర్లో దుమ్ములోంచి వెలుగు ఎలా వచ్చిందో, గుండు ఎలా కనిపించిందో చేతులు తిప్పుతూ చూపించాడు. "ఆ టైములో ఎవరైనా కేకేసి ఉంటే నా పని అయిపోయేది" అని నవ్వాడు కూడా. అమ్మ నవ్వలేదు. భోజనాల దగ్గర నాయనమ్మ చేతికి గుడ్డ చుట్టి ఉండటం చూసి ఏమైందని నాన్న అడిగాడు. కూర తరుగుతుంటే కత్తి తగిలిందని ఆవిడ తడుముకోకుండా చెప్పింది. నా వైపు చూడలేదు. నేను కంచంలోకి వంగి పప్పన్నం తిన్నాను. ఆ రోజు కూర తరిగింది అమ్మ. అమ్మ ఆ గుడ్డకేసి ఒకసారి చూసి, నాయనమ్మ కంచంలో ఇంకాస్త పప్పు వేసింది.

నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ శకునాలు నాకు అబ్బలేదు. మా ఇంట్లో ఎవరైనా ఎవరినైనా వెనక నుంచి హాయిగా పిలుచుకోవచ్చు. నేను తెచ్చుకున్నది ఇంకొకటి. మా అమ్మాయి కారు నేర్చుకుంటూ లెర్నర్ ప్లేటుతో హైవే ఎక్కిన మొదటి రోజు, ఎదురుగా పెద్ద లారీ లేన్ మారుతుంటే పక్క సీట్లో నేనున్నాను. మా అబ్బాయి సముద్రంలో అలల మీద తేలే సర్ఫింగ్ బల్ల పట్టుకుని లోపలికి వెళ్ళినప్పుడు ఒడ్డున నేనున్నాను. అలాంటప్పుడల్లా వాళ్ళ పేరు నా గొంతు దాకా వస్తుంది. దాన్ని అక్కడే పట్టి ఆపుతాను. పళ్ళు బిగిస్తాను, ఒక్కోసారి చున్నీ కొస నోట్లో పెట్టుకుంటాను. వాళ్ళు గండం దాటి నా వైపు తిరిగి చూసేసరికి మామూలుగా నవ్వుతూ ఉంటాను.

"మా అమ్మకి అసలు భయమంటేనే తెలియదు" అని నా పిల్లలు వాళ్ళ స్నేహితులకి చెబుతుంటారు.