తెలుస్తోందా అండీ?

రాజోలు నుంచి అమలాపురం వెళ్లే బస్సులో నా పక్కనావిడ హ్యాండ్‌బ్యాగును రొమ్ముకు అడ్డంగా పట్టుకుని కూర్చున్నారు. "ఇక్కడ దొంగలెవరూ లేరండీ, ఒళ్లో పెట్టుకోండి" అన్నాను నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు. నా వైపు వంగి, గొంతు తగ్గించి చెప్పారు. క్యాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేస్తే, ఆ చోట సిలికాన్ ఇంప్లాంట్ పెట్టారట. అది గట్టిపడితే మళ్లీ కోసి కొత్తది వేశారట. ఇప్పుడు ఇదీ బిగుస్తోందట.

మా ఊరి లైబ్రరీలో వైద్యం పుస్తకాలున్న అలమర మొత్తం చదివినదాన్ని, ఊరుకోలేకపోయాను. "పుండు మానినచోట మచ్చ కట్టినట్టే, పరాయి వస్తువు చుట్టూ ఒళ్లు ఒక పొర అల్లుకుంటుందండీ. కొందరికి ఆ పొర ముడుచుకుని గట్టిపడుతుంది" అన్నాను.

"ఆయ్, మా డాక్టరుగారు కూడా అదే చెప్పేరండి. మళ్లీ కొయ్యాలేమో అన్నారు. నా బెంగ అది కాదండి. ఎల్లుండి మస్కట్ నుంచి మా అమ్మాయి వస్తోంది. దానికి ఇవేవీ చెప్పలేదు. తెలిస్తే ఉద్యోగం మానేసి నా దగ్గరే ఉండిపోతుంది. రాగానే వాటేసుకుంటుంది కదండీ, తెలిసిపోతుందంటారా?"

ఆ సంగతి నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

అమలాపురంలో దిగాక, "ఏమనుకోకండేం, ఒక్కసారి" అంటూ ఆవిడ నన్ను వాటేసుకున్నారు. చీర మడతల మీంచి కూడా ఆ గట్టిదనం నాకు తగిలింది.

"తెలుస్తోందా అండీ?"

"తెలుస్తోందండీ. అమ్మాయికి మీరే ముందు చెప్పేయండి."

"ఆయ్" అన్నారే గానీ, వెనక బస్సు హారన్ కొట్టేదాకా ఆవిడ చేతులు నన్ను వదల్లేదు.